వికలాంగ కళాకారుల సిరామిక్ కళ

వికలాంగ కళాకారుల సిరామిక్ కళ అనగా దృష్టి లోపం, వినికిడి లోపం, శారీరక వైకల్యం, మేధో వైకల్యం, ఆటిజం మొదలైన స్థితులలో ఉన్న కళాకారులు మట్టితో రూపొందించి, నిప్పులో కాల్చి తయారుచేసే కళాఖండాల సృష్టి. పాత్రలు, బొమ్మలు, శిల్పాలు, పలకలతో కూర్చిన కుడ్యచిత్రాలు ఈ కళలో భాగాలు. భారతదేశంలో ఈ రంగంలో ముందుగా చెప్పుకోదగిన వారు ఇద్దరు. ఒకరు చూపు పూర్తిగా కోల్పోయిన తరువాత శాంతినికేతనంలో సిరామిక్ పలకల కుడ్యచిత్రాన్ని రూపొందించిన బినోద్ బిహారీ ముఖర్జీ (1904-1980). రెండవవారు బాల్యంలోనే వినికిడి కోల్పోయి, తరువాత భవనాల గోడలపై సిరామిక్ కుడ్యచిత్రాలను నిర్మించిన సతీష్ గుజ్రాల్ (1925-2020). జపాన్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో వికలాంగుల కోసం ఏర్పడిన స్టూడియోల నుండి ఎందరో కొత్త కళాకారులు వెలుగులోకి వచ్చారు. తెలుగునాట కుమ్మరి విద్య అతి ప్రాచీనమైనది. అయితే ఆ విద్యకు, వికలాంగుల శిక్షణకు, ఆధునిక కళాశాలలకు మధ్య వంతెన ఇంకా బలపడవలసి ఉన్నది.

పేరు, పరిధి

కాల్చిన మట్టితో చేసిన వస్తువులన్నిటికీ సిరామిక్స్ అని పేరు. కాల్చే వేడిని బట్టి, మట్టి రకాన్ని బట్టి వీటిని విభజిస్తారు. ఊరి కుమ్మరి ఆవములో కాలే ఎర్రమట్టి పాత్రలు తక్కువ వేడికి చెందినవి. ఇవి నీటిని కొద్దిగా పీల్చుకొంటాయి. కుండలోని నీరు చల్లగా ఉండటానికి కారణం ఇదే. సుమారు 1200 నుండి 1300 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలే స్టోన్‌వేర్ నీటిని దాదాపు పీల్చుకోదు. తెల్లని చీనామట్టితో చేసే పింగాణీకి ఇంతకు సమానమైన, లేదా ఇంతకన్నా ఎక్కువ వేడి అవసరం.

వికలాంగులు అనే మాట తెలుగులో చాలాకాలంగా వాడుకలో ఉన్నది. ఇటీవలి ప్రభుత్వ పత్రాలలో దివ్యాంగులు అనే మాట ఎక్కువగా కనిపిస్తుంది. 1995 నాటి కేంద్ర చట్టం 7 రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించగా, 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం ఈ రెండవ జాబితాలో స్పష్టంగా చేరింది.

మాధ్యమంగా మట్టి

చిత్రలేఖనం ప్రధానంగా కంటికి సంబంధించినది. మట్టిపని అలా కాదు. మట్టి మెత్తదనం, తడి, గోడ మందం, అంచు వంపు - వీటన్నిటినీ కుమ్మరి వేళ్ళతోనే తెలుసుకొంటాడు. చూపు ఉన్న కుమ్మరి కూడా కుండ లోపలి గోడను కంటితో చూడలేడు, చేతితోనే తడిమి తెలుసుకొంటాడు. అందువలన దృష్టి లోపం ఉన్నవారికి ఈ కళ సహజంగా అందుబాటులో ఉంటుంది.

మట్టికి మరొక గుణం ఉన్నది. కాల్చనంత వరకు చేసిన తప్పును దిద్దుకోవచ్చును. నచ్చని రూపాన్ని నీటిలో నానబెట్టి, మరల పిసికి, కొత్తగా మొదలుపెట్టవచ్చును. వస్తువు వృథా కాదు. నెమ్మదిగా నేర్చుకొనేవారికి, చేతి కదలికలు అదుపులో లేనివారికి ఇది పెద్ద వెసులుబాటు.

కాల్చే దశలో మాత్రం మట్టి కఠినమైనది. పూర్తిగా ఆరని మట్టిలోని నీరు 100 డిగ్రీలు దాటగానే ఆవిరిగా మారి వస్తువును పగులగొడుతుంది. 573 డిగ్రీల వద్ద మట్టిలోని స్ఫటికం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. చల్లారేటప్పుడు అదే చోట సంకోచిస్తుంది. ఈ రెండు సమయాలలోనూ తొందరపడితే పగుళ్ళు వస్తాయి. ఆరి, కాలేసరికి వస్తువు పరిమాణం సాధారణంగా పదవ వంతు వరకు తగ్గుతుంది. కనుక మట్టిపని నేర్వడమంటే రూపం చేయడం మాత్రమే కాదు, బట్టీ లక్షణం తెలుసుకోవడం కూడా. వికలాంగ విద్యార్థులకు ఇచ్చే శిక్షణలో ఈ రెండవ భాగాన్ని తరచుగా ఇతరులకు అప్పగిస్తారు. అటువంటి శిక్షణ పొందినవారు రూపం చేయగలిగినా, స్వతంత్రంగా స్టూడియో నడపలేకపోతారు.

పని విధానాలు, సౌకర్యాలు

సారె లేకుండానే మట్టిని మలిచే పద్ధతులు మూడు. ముద్దను బొటనవేలితో నొక్కి గిన్నెగా చేయడం మొదటిది. మట్టిని తాడువలె పేని, చుట్టలు చుట్టలుగా పేర్చి గోడ లేపడం రెండవది. రొట్టెవలె వత్తిన పలకలను కోసి అతకడం మూడవది. ఒక చేయి మాత్రమే పనిచేసేవారు, వేళ్ళలో పట్టు లేనివారు కూడా వీటిలో ఏదో ఒకటి చేయగలరు.

దృష్టి లోపం ఉన్నవారు: పనిముట్లను ఎల్లప్పుడూ ఒకే క్రమంలో పళ్ళెంలో అమర్చుకొంటారు. కొలతలకు అట్టముక్కలతో చేసిన అచ్చులు, వేళ్ళ జానలు ఉపయోగపడతాయి. పూతల డబ్బాలపై బ్రెయిలీ గుర్తులు అతికిస్తారు. గ్లేజు అనబడే గాజు పూత విషయంలో ఒక విశేషం ఉన్నది. పచ్చి పూతకు ఉన్న రంగు, కాలిన తరువాత వచ్చే రంగు ఒకటి కాదు. రాగి కలిసిన పూత కాలిన పిమ్మట ఆకుపచ్చగానూ, కోబాల్టు కలిసినది నీలంగానూ మారుతుంది. పూత పూసే సమయంలో చూపున్నవారు కూడా ఆ రంగును చూడలేరు, లెక్క ప్రకారం ఊహించవలసిందే. పూతలో ఎన్ని క్షణాలు ముంచాలో లెక్కపెట్టే పద్ధతి అందరికీ సమానమే.

వినికిడి లోపం ఉన్నవారు: వీరికి నేర్పే ఉపాధ్యాయుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మట్టిలో ఉన్న చేతులతో సైగ భాష మాట్లాడటం కుదరదు. అందుచేత ముందు చేసి చూపి, చేతులు ఆపి, తరువాత వివరించాలి. సంతలో కుండ కొనేవారు వేలితో తట్టి, ఖంగుమనే మోతను బట్టి పగులు లేదని నిర్ధారించుకోవడం మన గ్రామాలలో వాడుక. వినికిడి లేని కళాకారులు ఇదే పరీక్షను పాత్రలో నీరు పోసి, చెమ్మ ఊరుతున్నదేమో చూచి చేయవచ్చును.

శారీరక వైకల్యం ఉన్నవారు: సంప్రదాయ సారె నేలమీద ఉంటుంది. కుమ్మరి గొంతుకు కూర్చుని, కర్రతో దానిని తిప్పుతాడు. కాళ్ళలో బలం లేనివారికి ఇది కష్టం. బల్లపై అమర్చిన విద్యుత్ సారె ఈ ఇబ్బందిని చాలావరకు తొలగించింది. దాని వేగాన్ని కాలి మీటకు బదులు చేతితో మార్చే ఏర్పాటు కూడా చేయవచ్చును. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018లో ప్రారంభించిన కుమ్హార్ సశక్తీకరణ్ పథకం క్రింద కుమ్మరులకు విద్యుత్ సారెలు పంపిణీ చేయబడినవి. ఆ పథకం వికలాంగుల కోసం ఉద్దేశించినది కాకపోయినా, ఆ యంత్రం వారికీ ఉపయోగకరమైనదే.

మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారు: వీరి విషయంలో యంత్రం కంటే సమయం ముఖ్యం. ఇతరులు ఇచ్చిన నమూనాను అనుకరించమని ఒత్తిడి చేయకుండా, వారికి నచ్చిన రూపాన్ని ఎన్నిసార్లైనా చేయనివ్వడం మంచి స్టూడియోల పద్ధతి.

ఆరోగ్యరీత్యా అందరికీ వర్తించే జాగ్రత్తలు రెండు ఉన్నాయి. ఎండిన మట్టి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు హానికరం. కనుక పనిచోటును ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి. సీసం కలిసిన పూతలను తినే పాత్రలకు వాడరాదు.

భారతదేశంలో

బినోద్ బిహారీ ముఖర్జీ కలకత్తా సమీపంలోని బెహాలాలో 1904 ఫిబ్రవరి 7న జన్మించాడు. పుట్టుకతోనే ఆయన చూపు చాలా మందం. ఒక కన్ను కనిపించదు, రెండవదానిలో చూపు అంతంతమాత్రం. 1919లో శాంతినికేతన కళాభవనంలో చేరి నందలాల్ బోస్ శిష్యుడైనాడు. 1946-47లో శాంతినికేతన హిందీ భవనం గోడలపై మధ్యయుగ భక్తుల జీవితాలను చిత్రించాడు. 1957 నాటికి, కంటి శస్త్రచికిత్స విఫలం కావడంతో చూపు పూర్తిగా పోయింది. అంతటితో ఆయన కళ ఆగిపోలేదు. కాగితాలను మడిచి, కత్తిరించి, అతికించి చిత్రాలు కూర్చాడు. మైనంతో, మట్టితో చిన్న బొమ్మలు చేశాడు. 1972లో కళాభవనం వెలుపలి గోడపై సిరామిక్ పలకల కుడ్యచిత్రం రూపొందించాడు. కాగితపు ఆకృతులను వేళ్ళతో తడిమి సరిచూసుకొని, వాటిని పలకలలోకి మార్చడం ఆయన అనుసరించిన మార్గం. పలకలను కాల్చి గోడకు అమర్చడంలో సహాయకులు తోడ్పడ్డారు. ఆయన పూర్వ విద్యార్థి సత్యజిత్ రాయ్ అదే సంవత్సరం తీసిన ది ఇన్నర్ ఐ అనే లఘుచిత్రం ఈ కళాకారుని జీవితాన్ని, పనిని చూపుతుంది. 1974లో ఆయనకు పద్మ విభూషణ్ పురస్కారం లభించింది.

సతీష్ గుజ్రాల్ ప్రస్తుత పాకిస్తాన్‌లోని జీలంలో 1925 డిసెంబరు 25న జన్మించాడు. 8 ఏళ్ళ వయస్సులో జరిగిన ప్రమాదం, ఆ తరువాతి అనారోగ్యం వలన వినికిడి కోల్పోయాడు. లాహోరులోని మేయో కళాశాలలో చదివి, 1952లో మెక్సికో వెళ్ళి డీగో రివేరా, డేవిడ్ సికీరోస్‌ల వద్ద కుడ్యచిత్ర కళను అభ్యసించాడు. తిరిగి వచ్చిన తరువాత పలకలతో పెద్ద కుడ్యచిత్రాలను నిర్మించాడు. ఢిల్లీ హైకోర్టు భవనం వెలుపలి గోడపై ఉన్న సిరామిక్ కుడ్యచిత్రం వీటిలో ప్రసిద్ధమైనది. న్యూఢిల్లీలోని బెల్జియం రాయబార కార్యాలయ భవనానికి రూపకర్త కూడా ఆయనే. 1999లో పద్మ విభూషణ్ పొందాడు. 2020 మార్చి 26న మరణించాడు.

ఈ ఇద్దరి జీవితాలలో ఒక పోలిక గమనింపదగినది. ఇద్దరికీ మంచి కళాశాలలో శిక్షణ, గురువులు, గోడలు, బట్టీలు, సహాయకులు లభించినవి. వారి ప్రతిభ గొప్పదే. అయితే ఆ ప్రతిభ బయటపడటానికి ఈ ఏర్పాట్లు ఆధారమైనవి. వారి పనులను నేడు వికలాంగుల పనులుగా గాక, భారతీయ ఆధునిక కళలో భాగంగానే చదువుతున్నారు.

ఇతర దేశాలలో

దృష్టి లోపం ఉన్న పిల్లల మట్టిపనిని శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో ఆస్ట్రియా దేశీయుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ముఖ్యుడు. వియన్నాలోని అంధుల పాఠశాలలో బోధిస్తూ, అక్కడి పిల్లలు మట్టితో చేసిన శిల్పాలపై లుడ్విగ్ మూంజ్‌తో కలిసి 1934లో ఒక గ్రంథం ప్రకటించాడు. కంటితో లోకాన్ని గ్రహించేవారు, స్పర్శతో, శరీరానుభూతితో గ్రహించేవారు అని కళాకారులు రెండు తరహాలుగా ఉంటారని ఆయన తరువాత ప్రతిపాదించాడు. స్పర్శ ప్రధానంగా పనిచేసేవారిలో చూపున్నవారు కూడా ఉంటారని ఆయన చెప్పడం విశేషం.

జపాన్‌లోని షిగా రాష్ట్రం ఈ రంగంలో ప్రపంచంలోనే ముందున్నది. షిగరాకి అనే ప్రాచీన కుండల పట్టణం ఈ రాష్ట్రంలోనే ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం, 1946లో, ఇతోగా కజువో తన సహచరులతో కలిసి అనాథ బాలలకు, మేధో వైకల్యం గల పిల్లలకు ఒమి గకుయెన్ అనే నిలయాన్ని స్థాపించాడు. అక్కడ మట్టిపని మొదట జీవనోపాధి శిక్షణగా ఉండేది. పిల్లలు చేసిన స్వేచ్ఛారూపాలలోని కళావిలువను క్రమంగా గుర్తించారు. ఈ రాష్ట్రంలోని ఒమిహచిమాన్ పట్టణంలో 2004లో నో-మా అనే మ్యూజియం ప్రారంభమైనది. వికలాంగుల కళాఖండాలను, ఇతర కళాకారుల పనులను పక్కపక్కనే ప్రదర్శించడం దీని విధానం.

షిగా రాష్ట్రానికే చెందిన షినిచి సవాడ 1982లో జన్మించాడు. ఆయనకు ఆటిజం ఉన్నది. ఒళ్ళంతా ముళ్ళవంటి మట్టి మొనలతో నిండిన వింత జీవులు, ముఖాలు ఆయన ప్రత్యేకత. ఒక్కొక్క మొననూ విడిగా చేసి అతికిస్తాడు. వీటిని కట్టెల బట్టీలో కాలుస్తారు. 2013లో వెనిస్ బియనాలే ప్రధాన ప్రదర్శనలో ఈ శిల్పాలు చోటు చేసుకొన్నవి.

అమెరికాలోని ఓక్లండ్‌లో ఎలియాస్ కాట్జ్, ఫ్లోరెన్స్ కాట్జ్ దంపతులు 1974లో క్రియేటివ్ గ్రోత్ అనే స్టూడియోను స్థాపించారు. అప్పటికి కాలిఫోర్నియాలో పెద్ద ఆసుపత్రులలో ఏళ్ళ తరబడి ఉంచబడిన మేధో వికలాంగులను సమాజంలోకి తిరిగి పంపుతున్నారు. వారికి రోజూ వచ్చి పనిచేసుకొనే చోటు, సామగ్రి, ప్రదర్శనశాల కల్పించడం ఈ సంస్థ ఉద్దేశం. అదే 1974లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్ట్స్ ప్రాజెక్ట్ ఆస్ట్రేలియా ఏర్పడినది. ఇక్కడ పనిచేసే అలన్ కాన్‌స్టబుల్‌కు చూపు చాలా తక్కువ. కంటికి అతి దగ్గరగా వస్తువును ఉంచుకొని పరిశీలించి, మట్టితో కెమెరాలను తయారుచేస్తాడు. సరిగా కనిపించని వ్యక్తి చూపు కోసం ఉన్న యంత్రాన్ని స్పర్శతో పునర్నిర్మించడం ఈ పనుల ఆకర్షణ.

తెలుగు ప్రాంతాలలో

తెలుగు నేలపై మట్టికళకు సుదీర్ఘ చరిత్ర కలదు. బృహత్ శిలాయుగపు సమాధులలో నలుపు-ఎరుపు మట్టి పాత్రలు లభించినవి. మెదక్ ప్రాంతంలోని కొండాపురంలో శాతవాహనుల కాలపు మట్టిబొమ్మలు బయల్పడినవి. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కుమ్మరి గుండయ్య కథ ఉన్నది. రామాయణం రచించిన కవయిత్రి మొల్ల కుమ్మరి కుటుంబానికి చెందినదిగా ప్రసిద్ధి. మహారాష్ట్ర భక్తుడు గోరా కుంభార్ కథ 1977లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన చక్రధారి చిత్రం ద్వారా తెలుగువారికి సుపరిచితం. ఆ కథలో చేతులు లేని కుమ్మరికి బదులు సాక్షాత్తు భగవంతుడే వచ్చి కుండలు చేస్తాడు. చేతులు పోతే కుమ్మరి పని ముగిసినట్లేనన్న పూర్వకాలపు భావన ఇందులో కనిపిస్తుంది. తగిన పనిముట్లు ఉంటే ఆ భావన నిలవదని పైన చెప్పిన కళాకారుల అనుభవం తెలుపుతున్నది.

ఆధునిక కాలంలో మెదక్ జిల్లా నిజాంపురంలో 1940లో జన్మించిన కె. లక్ష్మా గౌడ్ చిత్రలేఖనంతో పాటు టెర్రకోటా, సిరామిక్ శిల్పాలు చేసి పేరు పొందాడు. ఆయన బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ శిష్యుడు. సుబ్రమణ్యన్ శాంతినికేతనంలో బినోద్ బిహారీ ముఖర్జీ శిష్యుడు. ఈ విధంగా చూపు కోల్పోయిన ఆ గురువు పరంపర తెలుగు కళాకారుల వరకు చేరింది.

శిక్షణ విషయానికి వస్తే, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించబడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మేధో వైకల్యం గలవారి విద్య, పునరావాసం, వృత్తి శిక్షణలకు దేశస్థాయి కేంద్రం. తరువాత దీని పేరు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థగా మారినది. లలితకళల ఉన్నత విద్యకు హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నది. మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు భవిత కేంద్రాలు సేవలందిస్తున్నవి.

రాజధానికి దూరంగా ఉన్న గ్రామాలకు ఈ దారులన్నీ సమానంగా అందవు. ఖమ్మం జిల్లాలోని ముదిగొండ మండలాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. దీనికి సమీపంలోని నేలకొండపల్లి బౌద్ధ స్తూపానికి, భక్త రామదాసు జన్మస్థలంగానూ ప్రసిద్ధం. ఈశాన్యంగా వెళ్ళే కొద్దీ కొత్తగూడెం దాటి భద్రాచలం అడవులు మొదలవుతాయి. ఆ అటవీ భాగం 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాగా విడిపోయింది. ఖమ్మం నుండి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. ఇటువంటి ప్రాంతంలో మట్టిపై ఆసక్తి గల వికలాంగ బాలునికి లేదా బాలికకు చెరువు మట్టి దొరకడం కష్టం కాదు. కష్టమైనది అధిక వేడి బట్టీ, గ్లేజు సామగ్రి, నేర్పే గురువు, ప్రదర్శనశాల దొరకడం. అయితే తక్కువ వేడితో కాలే ఎర్రమట్టి శిల్పానికి ఊరి ఆవమే సరిపోతుంది. కుమ్మరి వృత్తిలో ఉన్న పెద్దలను భవిత కేంద్రాలలో, పాఠశాలలలో బోధకులుగా వినియోగించుకొంటే తొలి అడుగు తక్కువ ఖర్చుతో పడుతుంది.

చట్టము, ప్రభుత్వ ఏర్పాట్లు

2006 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 30వ అధికరణం సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కును గుర్తించింది. తమ సృజనశక్తిని తమ కోసమే గాక సమాజ శ్రేయస్సు కోసం కూడా పెంపొందించుకొనే అవకాశం వికలాంగులకు ఉండాలని అది చెబుతుంది. భారతదేశం 2007 అక్టోబరు 1న దీనిని ధ్రువీకరించింది.

దీనికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టంలోని 29వ విభాగం ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు తీసుకోవలసిన చర్యలను పేర్కొన్నది. వాటిలో ముఖ్యమైనవి:

- వికలాంగ కళాకారులకు, రచయితలకు సౌకర్యాలు, ఆర్థిక ప్రోత్సాహం కల్పించడం
- వికలాంగుల చరిత్రను తెలిపే మ్యూజియం స్థాపించడం
- కళలు వికలాంగులకు అందుబాటులో ఉండేటట్లు చూడటం
- కళా, సాంస్కృతిక కోర్సులను వికలాంగులు చేరగలిగేలా తిరిగి రూపొందించడం

పథకాల లబ్ధికి సాధారణంగా 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం అవసరం. తెలుగు రాష్ట్రాలలో సదరం శిబిరాల ద్వారా ఈ పత్రాలు జారీ చేయబడుతూ వచ్చినవి. స్వయం ఉపాధి రుణాల కోసం 1997లో జాతీయ వికలాంగుల ఆర్థిక, అభివృద్ధి సంస్థ ఏర్పడినది. వికలాంగ చేతివృత్తులవారి వస్తువుల అమ్మకం కోసం 2022 డిసెంబరులో ఢిల్లీలో దివ్య కళా మేళా మొదలై, తరువాత ఇతర నగరాలలోనూ జరిగినది.

చర్చనీయాంశాలు

చికిత్సా, కళా అన్నది ఈ రంగంలో ప్రధానమైన చర్చ. మట్టిపని చేతి కండరాలకు వ్యాయామం, మనస్సుకు ఊరట అన్న మాట నిజమే. కానీ ఆ ఒక్క కోణంలోనే చూస్తే, చేసిన వస్తువుకు విలువ లేకుండా పోతుంది. చికిత్సలో ముఖ్యమైనది చేసే క్రమం, కళలో చేసిన వస్తువు కూడా ముఖ్యమే.

రెండవది పేరు. సంస్థలు అమ్మే ప్రమిదలు, పాత్రలపై తరచుగా సంస్థ ముద్ర మాత్రమే ఉంటుంది. చేసినవారి పేరు ఉండదు. కొనేవారు దయతో కొంటారు, పనితనం చూసి కాదు. పేరు లేని వస్తువుతో కళాకారునికి చరిత్ర ఏర్పడదు. తరువాతి ప్రదర్శనకు, ఉపకార వేతనానికి, కళాశాల ప్రవేశానికి చూపించుకొనేందుకు ఏమీ మిగలదు. వస్తువు అడుగున పచ్చిమట్టిపై పేరు గీయడానికి ఖర్చు ఏమీ కాదు. చదవడం, వ్రాయడం రానివారు ఒక గుర్తును ఎంచుకోవచ్చును.

మూడవది వర్గీకరణ. శిక్షణ లేని, సమాజపు అంచుల్లోని కళాకారుల పనికి ఫ్రెంచి చిత్రకారుడు జాన్ డుబుఫే 1940లలో ఆర్ట్ బ్రూట్ అని, 1972లో రోజర్ కార్డినల్ ఔట్‌సైడర్ ఆర్ట్ అని పేరు పెట్టారు. ఈ పేర్లు ఎందరినో వెలుగులోకి తెచ్చినవి. అదే సమయంలో వారిని వెలుపలివారుగానే నిలిపి ఉంచుతున్నాయన్న విమర్శ కూడా కలదు. నో-మా మ్యూజియం అనుసరించే పక్కపక్క ప్రదర్శన పద్ధతి ఈ విమర్శకు ఒక సమాధానం.

నాలుగవది సహాయం. సహాయకులు మట్టి పిసికి ఇచ్చినా, బట్టీ పేర్చినా ఆ వస్తువు కళాకారునిదేనా అన్న ప్రశ్న అప్పుడప్పుడు వినిపిస్తుంది. వైకల్యం లేని శిల్పులు, కుడ్యచిత్రకారులు కూడా పెద్ద పనులకు సహాయకులపై ఆధారపడతారు. రూపాన్ని నిర్ణయించినవారు ఎవరన్నదే ఇక్కడ గీటురాయి.

ఇవి కూడా చూడండి

- కుమ్మరి
- బినోద్ బిహారీ ముఖర్జీ
- సతీష్ గుజ్రాల్
- కె. లక్ష్మా గౌడ్
- నేలకొండపల్లి
- ముదిగొండ
- వికలాంగుల హక్కుల చట్టం, 2016